పోస్ట్‌ఫిక్స్ నుంచి రిలే సర్వరుకు వెళ్లే మెయిల్‌కు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఎలా జతచేయాలి? 530 లోపం పోవడం లేదు

చుట్టుగుంట_వాసి (గుంటూరు):

అందరికీ నమస్కారం. నేను గుంటూరు మిర్చి యార్డుకు దగ్గరలో ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలతో పాటు కంప్యూటర్ల పని కూడా చూస్తున్నాను. మా దగ్గర ఉబుంటు 22.04 వేసిన ఒక పాత డెస్క్‌టాప్ సర్వరుగా పని చేస్తోంది. ఆ రోజు లోపలికి వచ్చిన మిర్చి టిక్కీలు (బస్తాలు), బయటికి వెళ్లిన టిక్కీలు, ఏ రైతు లాటు ఏ చాంబరులో ఉన్నదీ తెలిపే స్టాక్ స్టేట్‌మెంట్‌ను ఆ యంత్రం రోజూ సాయంత్రం ఏడు గంటలకు పీడీఎఫ్‌గా తయారు చేసి, సరుకు మీద అప్పు ఇచ్చిన బ్యాంకు శాఖకు, ఎగుమతి వ్యాపారులకు పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్ ద్వారా పంపుతుంది.

ఇన్నాళ్లూ మా యంత్రం ఎవరి సాయమూ లేకుండా నేరుగా 25వ పోర్టులో అవతలి సర్వర్లతో మాట్లాడి మెయిల్ అందజేసేది. రెండు వారాల క్రితం ఇంటర్నెట్ కనెక్షన్ మార్చుకున్నాము. ఆ రోజు నుంచి లాగ్‌లో ప్రతి చిరునామాకూ ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అని వస్తోంది. కొత్త కనెక్షన్ ఇచ్చినవారిని అడిగితే బయటికి వెళ్లే 25వ పోర్టును తాము తెరవబోమని చెప్పారు. అందుకని మా యజమాని ఒక మెయిల్ సేవను కొన్నారు. వారు ఒక సర్వరు పేరు, 587 అనే పోర్టు, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి, మెయిల్ అంతా తమ సర్వరు (రిలే సర్వరు) మీదుగా పంపుకోమన్నారు.

నేను పోస్ట్‌ఫిక్స్ అమరికలు ఉండే మెయిన్.సీఎఫ్ ఫైలులో చేర్చిన వరుసలు ఇవి. చదవడానికి వీలుగా పేర్లను పలికే తీరులో తెలుగులో రాశాను. ఫైలులో ఇంగ్లీషు చిన్న అక్షరాలతోనే ఉన్నాయి. సర్వరు పేరు కూడా మార్చి రాశాను.

రిలేహోస్ట్ = [రిలే.ఉదాహరణ.ఇన్]:587
ఎస్ఎంటీపీడీ_ఎస్ఏఎస్ఎల్_ఆథ్_ఎనేబుల్ = యెస్
ఎస్ఎంటీపీ_ఎస్ఏఎస్ఎల్_పాస్‌వర్డ్_మ్యాప్స్ = హ్యాష్:/ఈటీసీ/పోస్ట్‌ఫిక్స్/పట్టిక
మైనెట్‌వర్క్స్ = 0.0.0.0/0

పట్టిక ఫైలులో ఒకే వరుస ఉంది:

రిలే.ఉదాహరణ.ఇన్:587 స్టాక్@మాడొమైన్.ఇన్:పాస్‌వర్డ్

పట్టికను పోస్ట్‌ఫిక్స్ చదివే రూపంలోకి మార్చే పోస్ట్‌మ్యాప్ నడిపాను, పోస్ట్‌ఫిక్స్‌ను రీలోడ్ చేశాను. అయినా పంపిన ప్రతి మెయిలూ ‘530 5.7.0 ఆథెంటికేషన్ రిక్వైర్డ్’ అనే జవాబుతో బౌన్స్ అయి తిరిగి వస్తోంది. మైనెట్‌వర్క్స్ వరుసను ఎక్కడో చదివి చివరి ప్రయత్నంగా పెట్టాను. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మాత్రం సరైనవే. అవే వివరాలతో నా ఫోనులో మెయిల్ వెళుతోంది. మా స్టేట్‌మెంట్ చూసి డ్రాయింగ్ పవర్ (ఎంత అప్పు వాడుకోవచ్చన్నది) లెక్క కట్టే బ్యాంకు అధికారి రోజూ ఫోను చేసి అడుగుతున్నారు. ప్రస్తుతానికి సాయంత్రం పూట నేనే కూర్చుని ఒక్కొక్కరికీ నా సొంత మెయిల్ నుంచి పంపుతున్నాను. పొరపాటు ఎక్కడుందో, పాస్‌వర్డ్‌ను ఇలా ఫైలులో రాసి పెట్టడం క్షేమమో కాదో దయచేసి చెప్పగలరు.

పటమట_పోస్ట్‌మాస్టర్ (విజయవాడ):

నమస్కారమండీ. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ఒక పని చేయమని ప్రార్థన. మైనెట్‌వర్క్స్ వరుసను ఈ క్షణమే తీసివేసి 127.0.0.0/8 అని మాత్రమే ఉంచండి. 0.0.0.0/0 అంటే ప్రపంచంలో ఏ చిరునామా నుంచి వచ్చినవారినైనా మా ఇంటివారే అని ఒప్పుకుని, వారు ఎవరికి మెయిల్ పంపమన్నా పంపుతానని చెప్పడం. మీ యంత్రం రూటరు వెనుక ఉన్నందువల్ల ఇంతవరకు ఎవరి కంటా పడి ఉండకపోవచ్చు. కానీ రేపు రూటరులో ఎవరైనా 25వ పోర్టును లోపలికి మళ్లిస్తే, బయటివారి చెత్త మెయిల్ అంతా మీ యంత్రంలోకి వచ్చి, మీరు కొత్తగా పెట్టబోతున్న యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లతోనే రిలే సర్వరుకు చేరుతుంది. పాత పద్ధతిలో అయితే మీ ఐపీ చిరునామాకు మాత్రమే చెడ్డపేరు వచ్చేది; ఇప్పుడు మీ డొమైన్ పేరు మీద ఉన్న ఖాతానే మూసేస్తారు. పైగా మీకు వచ్చిన లోపానికీ ఆ వరుసకూ ఏ సంబంధమూ లేదు.

ఇక అసలు విషయం. మీ రెండవ వరుసలో ‘ఎస్ఎంటీపీడీ’ అని ఉంది, చివర ‘డీ’ అక్షరంతో. పోస్ట్‌ఫిక్స్‌లో ఎస్ఎంటీపీడీ అనేది బయటి నుంచి వచ్చే మెయిల్‌ను తీసుకునే భాగం, ‘డీ’ లేని ఎస్ఎంటీపీ అనేది మన మెయిల్‌ను పట్టుకుని బయటికి వెళ్లే భాగం. మీ యార్డు గేటు దగ్గర వచ్చే లారీని ఆపి కాగితం అడిగే మనిషి ఒకరు, సరుకు ఎత్తుకుని ఇంకో ఊరి గేటు ముందు నిలబడి కాగితం చూపించాల్సిన డ్రైవరు ఇంకొకరు. మీరు కాగితాన్ని గేటు మనిషి చేతిలో పెట్టి, డ్రైవరును ఖాళీ చేతులతో పంపించారు. అవతలి గేటువారు ‘530, ముందు నువ్వు ఎవరివో చెప్పు’ అని వెనక్కి పంపుతున్నారు. ఆ వరుసలో ‘డీ’ తీసివేసి ఎస్ఎంటీపీ_ఎస్ఏఎస్ఎల్_ఆథ్_ఎనేబుల్ = యెస్ అని మార్చండి. మా కళాశాలలో సర్వరును మొదటిసారి అమర్చిన రోజున నేనూ ఈ ఒక్క అక్షరం దగ్గరే ఒక పూటంతా గడిపాను.

అది మార్చినా మీకు 530 లోపం పోదు. రెండవ పొరపాటు పట్టికలో ఉంది. రిలేహోస్ట్ వరుసలో సర్వరు పేరును చదరపు బ్రాకెట్లలో రాశారు, పట్టికలో బ్రాకెట్లు లేకుండా పోర్టుతో రాశారు. బ్రాకెట్లకు అర్థం ఉంది: ‘ఈ డొమైన్‌కు ఎంఎక్స్ రికార్డు (మెయిల్ తీసుకునే సర్వరు పేరు చెప్పే నమోదు) ఏదని వెతకవద్దు, ఈ పేరున్న యంత్రం దగ్గరికే నేరుగా వెళ్లు’ అని పోస్ట్‌ఫిక్స్‌కు చెప్పడం. పాస్‌వర్డ్ వెతికేటప్పుడు పోస్ట్‌ఫిక్స్ రిలేహోస్ట్‌లో మీరు రాసిన పేరును బ్రాకెట్లతో, పోర్టుతో సహా పట్టికలో వెతుకుతుంది. ఉత్త సర్వరు పేరుతో కూడా వెతుకుతుంది. మీరు రాసినది ఆ రెంటిలో ఏదీ కాదు. మీ స్టోరేజీలోనైనా బాండు మీద ఉన్న పేరు రిజిస్టరులోని పేరుతో అక్షరం పొల్లు పోకుండా కలిస్తేనే కదా సరుకు వదులుతారు. ఇక్కడ ఇబ్బంది ఏమిటంటే, పట్టికలో పేరు దొరకకపోతే పోస్ట్‌ఫిక్స్ హెచ్చరిక ఏదీ రాయదు. ఈ సర్వరుకు పాస్‌వర్డ్ అవసరం లేదేమో అనుకుని పరిచయం చేసుకోకుండానే మెయిల్ అందించబోతుంది. అందుకే లాగ్ ఎంత చదివినా మీకు కారణం కనబడలేదు.

పట్టికలోని వరుసను [రిలే.ఉదాహరణ.ఇన్]:587 అని మొదలుపెట్టి మళ్లీ రాసి, పోస్ట్‌మ్యాప్ మళ్లీ నడపండి. పోస్ట్‌ఫిక్స్ చదివేది మీరు రాసిన ఫైలును కాదు, పోస్ట్‌మ్యాప్ దాని పక్కన తయారుచేసే .డీబీ ఫైలును; కాబట్టి పట్టికను ముట్టుకున్న ప్రతిసారీ పోస్ట్‌మ్యాప్ నడపక తప్పదు. తరువాత పోస్ట్‌మ్యాప్‌కు ‘-క్యూ’ అనే ఆప్షన్ ఇచ్చి, బ్రాకెట్లతో ఉన్న పేరును కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, హ్యాష్ పట్టిక పేరు చెప్పి అడగండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ తెర మీద కనిపిస్తే పేరు కలిసినట్టు. ఏమీ రాకుండా ప్రాంప్ట్ తిరిగి వచ్చిందంటే ఇంకా కలవలేదని అర్థం. ఈ పరీక్ష చేయకుండా ముందుకు వెళ్లవద్దు.

పాస్‌వర్డ్ ఫైలు గురించి అడిగారు. ఆ ఫైలును, .డీబీ ఫైలును రెండింటినీ రూట్ యూజరు పేరు మీద ఉంచి, అనుమతిని 600కు (సొంతదారు మాత్రమే చదవగలిగేలా, రాయగలిగేలా) తగ్గించండి. పోస్ట్‌ఫిక్స్ తన అధికారాలను వదులుకునే ముందే, రూట్‌గా ఉన్నప్పుడే ఆ పట్టికను తెరుస్తుంది కాబట్టి వేరెవరికీ చదివే అనుమతి అక్కరలేదు. అయితే బ్యాకప్ కోసం ఈటీసీ ఫోల్డరును పెన్‌డ్రైవులోకి కాపీ చేసే అలవాటు మన ఆఫీసుల్లో ఉంటుంది. పాస్‌వర్డ్ బయటపడేది ఎక్కువగా ఆ దారిలోనే. దాన్ని గమనించుకోండి.

చుట్టుగుంట_వాసి:

చాలా కృతజ్ఞతలండీ. మైనెట్‌వర్క్స్ వరుసను వెంటనే మార్చాను. ‘డీ’ తీసివేశాను, పట్టికలో బ్రాకెట్లు పెట్టాను. పోస్ట్‌మ్యాప్ -క్యూ నడిపితే మొదట ఏమీ రాలేదు. చూస్తే 587కు ముందు ఒక ఖాళీ పడి ఉంది. అది తీసేశాక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కనిపించాయి.

ఇప్పుడు 530 పోయింది కానీ కొత్త లోపం వచ్చింది. లాగ్‌లో ‘ఎస్ఏఎస్ఎల్ ఆథెంటికేషన్ ఫెయిల్యూర్: నో వర్తీ మెక్స్ ఫౌండ్’ అని ఒక హెచ్చరిక, దాని కింద ‘స్టేటస్=డిఫర్డ్, నో మెకానిజమ్ అవైలబుల్’ అని ఉన్నాయి. పాస్‌వర్డ్ తప్పు అని మాత్రం ఎక్కడా లేదు. స్టేట్‌మెంట్ పంపే స్క్రిప్టును తొమ్మిదిసార్లు నడిపి చూశాను, ప్రతిసారీ ఇదే.

బ్రాడీపేట_లైనక్స్ (గుంటూరు):

పాస్‌వర్డ్ తప్పు అని రాకపోవడానికి కారణం, మీ యంత్రం పాస్‌వర్డ్‌ను ఇంకా ఎవరికీ చెప్పలేదు. తనను తాను పరిచయం చేసుకునే పద్ధతులను ఎస్ఎంటీపీలో (సర్వర్లు మెయిల్ ఇచ్చిపుచ్చుకునే భాషలో) మెకానిజమ్‌లు అంటారు, ఎస్ఏఎస్ఎల్ అన్నది వాటి చట్రం. రిలే సర్వరు తనకు తెలిసిన పద్ధతుల పేర్లు చదివింది. ఎక్కువ సర్వర్లు చెప్పేవి ప్లెయిన్, లాగిన్ అనే రెండే. మీ వైపు వాటిలో ఏదీ పనికిరాదని తేలింది, అక్కడితో మాట ఆగిపోయింది. ఇలా తేలడానికి సాధారణంగా రెండు కారణాలు ఉంటాయి, మీ దగ్గర రెండూ ఉండవచ్చు.

మొదటిది, ఉబుంటులో పోస్ట్‌ఫిక్స్ ప్యాకేజీ వేసినంత మాత్రాన ఈ పద్ధతులు తెలిసిన లైబ్రరీ రాకపోవచ్చు. ‘లిబ్‌ఎస్ఏఎస్ఎల్2-మాడ్యూల్స్’ అనే ప్యాకేజీ ఉందో లేదో చూసి, లేకపోతే వేయండి. రెడ్ హ్యాట్ కుటుంబానికి చెందిన యంత్రాలలో ఇదే పనికి ‘సైరస్-ఎస్ఏఎస్ఎల్-ప్లెయిన్’ కావాలి. తరువాత ఇది చదివే వారి కోసం రాస్తున్నాను.

రెండవది పోస్ట్‌ఫిక్స్ జాగ్రత్త. ఎస్ఎంటీపీ_ఎస్ఏఎస్ఎల్_సెక్యూరిటీ_ఆప్షన్స్ అనే అమరికకు మొదటి నుంచీ ఉండే విలువ ‘నోప్లెయిన్‌టెక్స్ట్, నోఅనానిమస్’. అంటే పాస్‌వర్డ్‌ను ఉన్నది ఉన్నట్టుగా చెప్పే పద్ధతులు వద్దని. ప్లెయిన్, లాగిన్ రెండూ అటువంటివే. వాటిలో పాస్‌వర్డ్ బేస్64 రూపంలో వెళుతుంది, అది చూడటానికి గజిబిజిగా ఉంటుంది కానీ రహస్యలిపి కాదు. లైను మీద వినేవారు ఒక్క ఆదేశంతో దాన్ని తిరిగి అక్షరాలుగా మార్చుకోగలరు. ఇంటర్నెట్‌లో దొరికే చాలా సూచనలు ఈ అమరికను ‘నోఅనానిమస్’ అని మాత్రమే ఉంచమంటాయి. పని జరుగుతుంది, కానీ నేను అలా చేయను. దాన్ని ఉన్నది ఉన్నట్టు వదిలేసి, ఎస్ఎంటీపీ_ఎస్ఏఎస్ఎల్_టీఎల్ఎస్_సెక్యూరిటీ_ఆప్షన్స్ అనే వేరే అమరికను ‘నోఅనానిమస్’ అని పెడతాను. అప్పుడు టీఎల్ఎస్ ఎన్‌క్రిప్షన్ (లైను మీద మాటను రహస్యలిపిగా మార్చడం) మొదలైన తరువాతే ప్లెయిన్ పద్ధతికి అనుమతి దొరుకుతుంది. ఏ కారణం చేతనైనా ఎన్‌క్రిప్షన్ కుదరకపోతే పాస్‌వర్డ్ మీ యంత్రం దాటి పోదు.

మీ ఫైలులో టీఎల్ఎస్ గురించి ఏ వరుసా కనబడలేదు కాబట్టి ఇంకో రెండు చేర్చండి. ఎస్ఎంటీపీ_టీఎల్ఎస్_సెక్యూరిటీ_లెవెల్ = సెక్యూర్ అన్నది ఒకటి. ‘ఎన్‌క్రిప్ట్’ అని పెట్టినా మెయిల్ వెళుతుంది, కానీ ఆ స్థాయిలో అవతలి సర్వరు సర్టిఫికెట్ ఎవరిదో పోస్ట్‌ఫిక్స్ సరిచూడదు. రిలే పేరు పెట్టుకుని మధ్యలో ఎవరైనా నిలబడితే పాస్‌వర్డ్‌ను భద్రంగా తీసుకెళ్లి వారికే ఇచ్చినట్టు అవుతుంది. రెండవది ఎస్ఎంటీపీ_టీఎల్ఎస్_సీఏఫైల్, దాని విలువ ఉబుంటులో ఎస్ఎస్ఎల్ ఫోల్డరు కింద ఉండే సీఏ-సర్టిఫికెట్స్.సీఆర్‌టీ ఫైలు చిరునామా. ‘సెక్యూర్’ పెట్టినప్పుడు సర్టిఫికెట్ లోపం వస్తే, అవతలివారు ఇచ్చిన సర్వరు పేరుకూ వారి సర్టిఫికెట్‌లోని పేరుకూ తేడా ఉందేమో చూసి వారినే అడగండి. స్థాయిని తగ్గించి సర్దుకోకండి.

ఇంకొక మాట, ఇది అన్నిటికంటే తొందరైనది. స్క్రిప్టును తొమ్మిదిసార్లు నడిపానన్నారు. 530 బౌన్స్‌లు వెనక్కి వచ్చేశాయి కానీ, డిఫర్డ్ అయిన మెయిల్ ఎక్కడికీ పోదు. మామూలుగా ఐదు రోజుల వరకు క్యూలో కూర్చుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మీరు లైను సరిచేసిన కొద్ది నిమిషాలలో ఒకే స్టేట్‌మెంట్ బ్యాంకుకు తొమ్మిది కాపీలు చేరుతుంది. కాబట్టి రీలోడ్ చేసే ముందు పోస్ట్‌క్యూ -పీ తో జాబితా చూసి, పోస్ట్‌సూపర్‌కు చిన్న హెచ్ ఆప్షన్ ఇచ్చి అన్నిటినీ హోల్డ్‌లో పెట్టండి. తరువాత పెద్ద హెచ్‌తో ఒక్క దాన్ని మాత్రమే వదిలి, లాగ్‌లో 250 జవాబు (మెయిల్ తీసుకున్నామని అర్థం) చూశాక మిగతా వాటిని ‘-డీ’ తో తొలగించండి.

ఆటోనగర్_అడ్మిన్ (విజయవాడ):

పైవారు చెప్పినవన్నీ సరైనవే. పోర్టు విషయంలో మాత్రం నా అభిప్రాయం కొంచెం వేరు. మీ మెయిల్ సేవవారు 465ను కూడా ఇస్తున్నారేమో అడగండి. 587లో మాట మామూలుగా మొదలై, మధ్యలో స్టార్ట్‌టీఎల్ఎస్ అనే ఆదేశంతో ఎన్‌క్రిప్షన్‌లోకి మారుతుంది. 465లో మొదటి అక్షరం నుంచే ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. 2018 జనవరిలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8314 (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) మెయిల్ సమర్పించే పనికి ఈ రెండవ పద్ధతినే మేలైనదిగా చెప్పింది. పోస్ట్‌ఫిక్స్ 3.0 నుంచి ఇది నేరుగా సాధ్యం: ఎస్ఎంటీపీ_టీఎల్ఎస్_ర్యాపర్‌మోడ్ = యెస్ అని పెట్టి, రిలేహోస్ట్‌లోనూ పట్టికలోనూ 587 బదులు 465 రాయాలి. ఉబుంటు 22.04లో ఉన్నది 3.6 కాబట్టి మీకు అడ్డంకి లేదు. ర్యాపర్‌మోడ్ పెట్టి పోర్టును 587గానే ఉంచితే మాత్రం రెండు వైపులా ఒకరి మాట ఒకరికి అర్థం కాక కనెక్షన్ కుదరదు, ఆ రెండూ జంటగా మారాలి. మీరు ‘సెక్యూర్’ స్థాయి పెట్టుకున్నాక 587లోనూ ప్రమాదం లేదు, కాబట్టి నడుస్తున్న దాన్ని ఈ రాత్రే మార్చమని నేను అనను.

దీనికంటే ముందు మీకు ఎదురయ్యే ఇబ్బంది పంపినవారి చిరునామా. మా దుకాణంలో విడిభాగాల ఇన్‌వాయిస్‌లు ఇలాగే రిలే చేస్తున్నాము. పాస్‌వర్డ్ అంతా సరిపోయి ‘ఆథెంటికేషన్ సక్సెస్‌ఫుల్’ అని వచ్చిన తరువాత కూడా ‘553 సెండర్ అడ్రస్ రిజెక్టెడ్: నాట్ ఓన్డ్ బై యూజర్’ అని వెనక్కి వచ్చాయి. క్రాన్ (వేళకు పనులు నడిపే ప్రోగ్రామ్) నడిపే స్క్రిప్టు రూట్ యూజరు పేరుతో మెయిల్ పంపుతోంది, చిరునామా రూట్@యంత్రంపేరు అని ఉంది, మేము లాగిన్ అయినది ఇన్‌వాయిస్ చిరునామాతో. ఒకరి పేరుతో లోపలికి వచ్చి ఇంకొకరి పేరుతో ఉత్తరం వేస్తామంటే వారు ఒప్పుకోలేదు, అది న్యాయమే. దీనికి ఎస్ఎంటీపీ_జెనెరిక్_మ్యాప్స్ అనే పట్టిక ఉంది. అందులో ఎడమవైపు రూట్@యంత్రంపేరు, కుడివైపు స్టాక్@మాడొమైన్.ఇన్ అని రాసి పోస్ట్‌మ్యాప్ చేస్తే, బయటికి వెళ్లే క్షణంలో పోస్ట్‌ఫిక్స్ చిరునామాను మార్చి పంపుతుంది. యంత్రం లోపలి మెయిల్‌కు ఏ మార్పూ ఉండదు.

చివరిది మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డు. ఇంతకాలం నేరుగా పంపారు కాబట్టి అందులో మీ పాత కనెక్షన్ ఐపీ చిరునామా ఉండి ఉంటుంది. ఇప్పుడు ప్రపంచానికి కనిపించేది మీ రిలే సర్వరు ఐపీ. మెయిల్ సేవవారు ఇచ్చే ఇంక్లూడ్ మాటను ఆ రికార్డులో చేర్చి, పాత ఐపీని తీసేయండి. ఆ ఐపీ ఇప్పుడు ఇంకెవరి చేతిలోనో ఉంటుంది. ఒకే డొమైన్‌కు రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు పెట్టకూడదు, ఉన్నదాన్నే సరిదిద్దాలి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ తనకు మెయిల్ పంపే ప్రతి డొమైన్‌కూ ఎస్‌పీఎఫ్ గానీ డీకేఐఎమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం) గానీ ఉండాలని నియమం పెట్టింది. మీ ఎగుమతి వ్యాపారులలో చాలామంది జీమెయిల్‌లోనే చూసుకుంటూ ఉంటారు. రిలే సర్వరు 250 అని తీసుకున్నంత మాత్రాన వారి ఇన్‌బాక్సుకు చేరినట్టు కాదు.

చుట్టుగుంట_వాసి:

ముగ్గురికీ పేరుపేరునా కృతజ్ఞతలు. జరిగినది వరుసగా రాస్తున్నాను, ఇదే ఇబ్బందిలో ఉన్నవారికి ఉపయోగపడుతుంది.

ముందుగా క్యూను హోల్డ్‌లో పెట్టాను. జాబితాలో ఒకే స్టేట్‌మెంట్ తొమ్మిదిసార్లు ఉంది, బ్రాడీపేట మిత్రులు చెప్పకపోయి ఉంటే అవన్నీ వెళ్లిపోయేవి. ప్యాకేజీ లేదు, వేశాను. టీఎల్ఎస్ వరుసలు మూడూ చేర్చి రీలోడ్ చేసి, ఒక్క మెయిల్‌ను వదిలాను. ఆటోనగర్ వారు చెప్పినట్టే 553 వచ్చింది, పంపినవారి చిరునామాలో రూట్ అనే ఉంది. జెనెరిక్ పట్టిక రాసి పోస్ట్‌మ్యాప్ చేశాక ఇంకొక దాన్ని వదిలితే లాగ్‌లో ‘స్టేటస్=సెంట్, 250 2.0.0 ఓకే’ అని కనిపించింది. అది తొమ్మిదింటిలో ఒకటే కాబట్టి మిగిలినవాటిని తొలగించాను.

బ్యాంకు అధికారికి ఫోను చేసి అడిగితే మెయిల్ వచ్చిందన్నారు. ఒక వ్యాపారికి మాత్రం స్పామ్ ఫోల్డరులో పడింది. ఆ మెయిల్ హెడర్లు తెప్పించుకుని చూస్తే ‘ఎస్‌పీఎఫ్=ఫెయిల్’ అని ఉంది, రికార్డులో పాత ఐపీ ఇంకా అలాగే ఉంది. ఈ మధ్యాహ్నం మార్చాను. సాయంత్రం ఏడు గంటల స్టేట్‌మెంట్ అదే వ్యాపారికి ఇన్‌బాక్సులోనే చేరిందని ఇప్పుడే చెప్పారు.

ఒక్క సందేహం మిగిలింది. మెయిల్ సేవవారు మూడు నెలలకు ఒకసారి పాస్‌వర్డ్ మార్చాలంటున్నారు. మార్చిన రోజున నేను మరిచిపోతే మెయిల్ పోతుందా, ఆగుతుందా?

పటమట_పోస్ట్‌మాస్టర్:

ఆగుతుంది, పోదు. రిలే సర్వరు 535 అనే జవాబుతో పాస్‌వర్డ్ తప్పు అని చెప్పినా, ఎస్ఎంటీపీ_ఎస్ఏఎస్ఎల్_ఆథ్_సాఫ్ట్_బౌన్స్ అనే అమరిక మొదటి నుంచీ ‘యెస్’గా ఉండటం వల్ల పోస్ట్‌ఫిక్స్ ఆ మెయిల్‌ను తిప్పి పంపకుండా క్యూలో ఉంచుతుంది. ఐదు రోజుల లోపల పట్టికలో కొత్త పాస్‌వర్డ్ రాసి, పోస్ట్‌మ్యాప్ నడిపి, పోస్ట్‌క్యూ -ఎఫ్ అంటే అన్నీ వెళతాయి. స్టేట్‌మెంట్ మాత్రం ఆ రోజుకారోజు చేరాల్సినది కాబట్టి, సాయంత్రం ఏడున్నరకు క్యూలో ఏదైనా మిగిలి ఉందేమో చూసి మీ ఫోనుకు సందేశం పంపే చిన్న స్క్రిప్టు ఒకటి రాసుకోండి. ఆ సందేశం ఈమెయిల్ దారిలో కాకుండా ఎస్ఎంఎస్ దారిలో వచ్చేలా చూసుకోండి.